పొలంలో దొరికిన బంగారు నాణెం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



తొలకరి వానలు పడి దుక్కులు మొదలయ్యాయంటే చాలు, మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో నాగలికి ఏదో తగిలిందన్న ముచ్చట పుడుతుంది. జిల్లాలు ఇప్పుడు ఎన్నిగా విడిపోయినా పాత పేర్లతో పిలుచుకోవడమే మనకు అలవాటు గనుక అట్లాగే అంటున్నాను. మన పెద్దల కాలంలో నాగలి కర్రుకు తగిలితేనే దొరికేది. ఇప్పుడు కర్ర చివర పళ్లెం బిగించినట్టుండే యంత్రం వచ్చింది. మెటల్ డిటెక్టర్ అంటారు. దాన్ని నేలమీద ఆడిస్తూ నడిస్తే, కింద లోహం ఉన్నచోట కూత పెడుతుంది.

ఈ యంత్రం పుణ్యమా అని ఒక చెల్లెలు నాకు ఉత్తరం రాసింది. ఆమె పేరు, ఊరు చెప్పను. పసుపు తవ్విన చేనులో ఆమె భర్త, అతని స్నేహితుడు కలిసి యంత్రంతో వెతికితే గోరంత బంగారు నాణెం దొరికిందట. బిడ్డ పెండ్లికి ఉంది, కరిగించి పుస్తెలతాడుకు గుండ్లు చేయిద్దామని అత్తమ్మ అంటున్నదట. పట్నం తీసుకుపోయి అమ్ముదామని భర్త, యంత్రం నాది గనుక సగం నాదని స్నేహితుడు. చివరన ఆ చెల్లెలు ఇట్లా రాసింది: "అక్కా, దీని విలువెంతో ఎవరినడగాలె? అడిగితే ఏమైతదో అని భయమైతున్నది. బియ్యం డబ్బాల దాచిన. కండ్ల నిండ నిద్ర లేదు."

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. ఇంట్లో బంగారం ఎవరు సంపాదించినా, దాన్ని దాచేది, కుదువ పెట్టేటప్పుడు మెడలోంచి తీసిచ్చేది మనమే. అందుకని దొరికిన నాణెం విలువ ఎట్లా తెలుసుకోవాలో మనకు తెలిసి ఉండాలి. ఒక్క నాణేనికి ఒక్క విలువ ఉండదు, మూడు ఉంటాయి. త్రాసు చెప్పే విలువ ఒకటి. ఆ నాణేన్ని ఎవరు, ఎప్పుడు ముద్రించారన్న దాన్నిబట్టి వచ్చే విలువ రెండోది. అది ఎక్కడ దొరికిందన్న దాన్నిబట్టి వచ్చేది మూడోది. మొదటిది తేలిగ్గా తెలుస్తుంది. తొందరపడితే మిగతా రెండూ పోతాయి.

ముందు త్రాసు సంగతి చూద్దాం. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలు దాటింది గనుక గోరంతదైనా చిన్నచూపు చూడలేం. కానీ పచ్చగా మెరిసేదంతా బంగారం కాదు. ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బంగారానికి అయస్కాంతం అంటదు. అంటిందంటే అది బంగారం కాదు. అయితే ఇత్తడికీ అంటదు గనుక అంతటితో సరిపోదు.

రెండో పరీక్ష నీళ్లది. మిల్లీగ్రాములు చూపే త్రాసుతో నాణేన్ని మామూలుగా ఒకసారి, సన్నటి దారం కట్టి నీళ్లలో మునిగేట్టు వేలాడదీసి ఇంకోసారి తూచాలి. నీళ్లలో బరువు కొంత తగ్గుతుంది. బంగారం చాలా దట్టమైన లోహం గనుక తక్కువే తగ్గుతుంది. ఉదాహరణకు నిజాం కాలపు అష్రఫీ బరువు 11 గ్రాముల పైచిలుకు. నీళ్లలో అది సుమారు 0.64 గ్రాములు తగ్గుతుంది. అంతే బరువున్న ఇత్తడి బిళ్ల అయితే 1.3 గ్రాముల దాకా, అంటే రెండింతలు తగ్గుతుంది. బంగారు పూత పూసిన సీసం, వెండి కూడా ఈ పరీక్షలో దొరికిపోతాయి.

ఇంత తతంగమెందుకు, ఔసలి దగ్గర గీటురాయి లేదా అంటారేమో. ఉంది. కాని గీటురాయి మీద రాస్తే నాణెం అరుగుతుంది, గీత పడుతుంది. నగకు ఫరవాలేదు, పాత నాణేనికి మాత్రం అది గాయమే. పెద్ద దుకాణాల్లో, హాల్‌మార్క్ వేసే కేంద్రాల్లో గీత పడకుండా ఎక్స్‌రే కిరణాలతో బంగారం శాతం చెప్పే యంత్రం ఉంటుంది. దాని మీదే చూపించమని అడగండి. చూపించేటప్పుడు నాణేన్ని కళ్లముందే ఉంచుకోండి, లోపలి గదిలోకి పంపకండి.

ఇక రెండో విలువ, ముద్రను బట్టి వచ్చేది. మన ఇళ్లలో, పొలాల్లో కనిపించే బంగారు నాణేలు కొన్ని రకాలే. ఒకవైపు విక్టోరియా రాణి, ఎడ్వర్డు, జార్జి రాజుల తల, రెండోవైపు గుర్రం మీద వీరుడు పామువంటి జంతువును పొడుస్తున్న బొమ్మ ఉంటే అది ఇంగ్లండు సవరను. బరువు 8 గ్రాములకు కాస్త తక్కువ, 22 క్యారట్లు. మన కాసులపేర్లలోకి ఎక్కింది చాలావరకు ఇదే. ఇది కోట్ల సంఖ్యలో ముద్రించిన నాణెం గనుక, అరుదైన ఏడుదైతే తప్ప బంగారం ధరకు దగ్గరగానే పలుకుతుంది. పాతదనగానే లక్షలొస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు.

చార్మినారు బొమ్మ ఉంటే అది ఆసఫ్‌జాహీల అష్రఫీ. చార్మినారు ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది. అది మహబూబ్ అలీఖాన్ కాలందైతే 'మీమ్', ఉస్మాన్ అలీఖాన్ కాలందైతే 'ఐన్'. ఈ అష్రఫీలకు అర, పావు, అరపావు కూడా ఉన్నాయి. వాటి మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని మన లెక్కలోకి తెచ్చుకోవడం సులువే. నూటికి మూడు చొప్పున తీసేసి, మిగిలినదానికి 622 కలపాలి. 1340 హిజ్రీ అని ఉందనుకోండి, నలభై తీసేస్తే 1300, దానికి 622 కలిపితే 1922. దాదాపుగా సరిపోతుంది.

బొమ్మ లేకుండా రెండువైపులా పారశీక రాత మాత్రమే ఉండి, 11 గ్రాములకు దగ్గరగా తూగితే అది మొగలాయీల మొహరు కావచ్చు. చిన్నగా, మందంగా, మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ తూగుతూ దేవతల బొమ్మలో నాగరి అక్షరాలో ఉంటే విజయనగర కాలపు వరహా కావచ్చు. కందిబద్దంత, అరగ్రాముకన్నా తక్కువగా ఉంటే అది రూక, ఇంగ్లీషువాళ్లు ఫణం అన్నది. ఇక్కడ నేను 'కావచ్చు' అనే అంటున్నాను. ఖాయంగా చెప్పాల్సింది నాణేల శాస్త్రం చదివినవాళ్లు.

ఈ రెండో విలువ ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి. 2021 సెప్టెంబరులో డెవన్ ప్రాంతంలో హెమ్యాక్ అనే పల్లెటూరి పొలంలో ఒకాయనకు మెటల్ డిటెక్టర్ కూత వినిపించింది. తవ్వితే చిన్న బంగారు నాణెం, మూడు గ్రాములలోపే. అదేమిటో ఆయనకూ తెలియదు. ఫొటో తీసి నలుగురూ చూసేట్టు పెడితే, నాణేలు వేలం వేసే సంస్థ నిపుణుడొకరు గుర్తుపట్టారు. అది మూడో హెన్రీ రాజు సుమారు 1257లో ముద్రించిన బంగారు పెన్నీ. లోకం మొత్తం మీద అటువంటివి ఎనిమిది మాత్రమే మిగిలాయి. 2022 జనవరిలో వేలం వేస్తే కమీషనుతో కలిపి 6,48,000 పౌండ్లు పలికింది. మన డబ్బులో ఆరు కోట్ల రూపాయలకు పైమాటే.

అది అంత అరుదు కావడానికి కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆ రాజు నిర్ణయించిన మారకం విలువకన్నా అందులోని బంగారం విలువే ఎక్కువైపోయింది. దాంతో జనం ఎక్కడివక్కడ కరిగించేశారు. కరిగించినవాళ్లకు నాలుగు కాసులు మిగిలాయేమో. కరిగించకుండా మన్నులో పడిపోయిన ఒక్కటి ఏడువందల అరవై ఏండ్ల తర్వాత ఒక కుటుంబం దశ మార్చింది. అక్కడి చట్టం వేరు, ఒంటరిగా దొరికిన నాణేన్ని అమ్ముకునే వీలుంది. మన చట్టం సంగతి తర్వాత చెబుతాను. కరిగించిన నాణెం మాత్రం మళ్లీ రాదని ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవాలి.

అందుకని నాణెం దొరికితే చేయకూడని పనులు నాలుగు. చింతపండు, బూడిద, పళ్లపొడి పెట్టి తోమకూడదు. మట్టి గట్టిగా అంటి ఉంటే మంచినీళ్లలో కాసేపు నానేసి, మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వండి చాలు. రెండోది, మెడలో వేసుకుందామని బెజ్జం వేయకూడదు, కొక్కెం అతికించకూడదు. మూడోది, గీటురాయికి, యాసిడ్‌కు ఇవ్వకూడదు. నాలుగోది, కరిగించనే కూడదు. కరిగిస్తే మిగిలేది మొదటి విలువ ఒక్కటే, అందులోనూ తరుగు పోతుంది.

ఇప్పుడు మూడో విలువ. ఇది మన జిల్లాలకు మరీ దగ్గరిది. ధర్మపురికి కొద్ది దూరంలో, గోదావరి ఒడ్డున, పెద్దవాగు వచ్చి కలిసేచోట కోటిలింగాల ఉంది. శివరాత్రికి మనలో చాలామంది వెళ్లి స్నానం చేసి వచ్చే ఊరే. వానలకు అక్కడి దిబ్బల మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా పైకి తేలే చిల్లర నాణేలను పిల్లలు ఏరుకునేవాళ్లు. అవి బంగారం కావు. రాగివి, సీసంవి. తూకానికి అమ్మితే గుప్పెడు బొరుగులు వచ్చేవేమో. ఆ ప్రాంతపు చరిత్రాభిమానులు వాటిని జాగ్రత్తగా సేకరించి, 1970ల్లో పురావస్తు శాఖలో ఉన్న పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితులకు చూపించారు. ఆయన ఆ బ్రాహ్మీ అక్షరాలు చదివితే బయటపడిన పేరు చిముక సాతవాహనుడు. పురాణాల జాబితాలో శాతవాహన వంశానికి మొదటివాడని చెప్పే శిముకుడే ఆయన. అంతకు ముందు ఆ రాజు నాణేలు ఎక్కడా దొరకలేదు. వాటితోపాటు గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లూ వచ్చాయి. పుస్తకాల్లో ఎక్కడా లేని ఆ పేర్లను మనకు చెప్పింది ఈ చిల్లర నాణేలే. ఆ తర్వాత పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు, ధూళికట్టల్లోనూ తవ్వితే ఇటుక కట్టడాలు, శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి.

ఒక్కమాట ఆలోచించండి. అవే నాణేలను ఎవరో ఏరుకుపోయి, ఎక్కడివో చెప్పకుండా హైదరాబాదు అంగట్లో అమ్మి ఉంటే ఏమయ్యేది? ఎవరో ఒక రాజు నాణెం అనే మాట మిగిలేది, శాతవాహనుల తొలి అడుగులు మన గోదావరి ఒడ్డున ఉన్నాయన్న మాట పుట్టేదే కాదు. నాణేనికి ఊరు పేరు ఉంటేనే అది సాక్ష్యం. లేకపోతే వస్తువు, అంతే. ఇప్పుడు ఎల్లంపల్లి వెనుకజలాలు కోటిలింగాల దాకా వచ్చాయి. నీళ్ల కిందికి పోయిన నేలను మళ్లీ అడగలేం గనుక, పైన మిగిలిన నేల మరింత విలువైంది.

యంత్రంతో వచ్చే ఇబ్బంది ఇక్కడే. అది లోహం ఉన్నదని మాత్రమే చెబుతుంది. చుట్టూ ఉన్న కుండ పెంకులు, ఇటుక ముక్క, బొగ్గు, పూస, వీటికి కూత రాదు గనుక తవ్వేవాడు పక్కకు విసిరేస్తాడు. పురావస్తు శాఖవాళ్లు బ్రష్‌తో, పొరపొరగా, లోతు రాసుకుంటూ తవ్వేది అందుకే. 2024 మార్చి నెలాఖరున సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బౌద్ధ క్షేత్రం దగ్గర ఇట్లా పద్ధతిగా తవ్వుతుంటే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు గుర్తు. కుండ ఎంత లోతులో ఉంది, దాని మూతగా ఏముంది, అన్నీ రాసిపెట్టారు గనుక అవి ఇక్ష్వాకుల కాలపువని చెప్పగలిగారు. సీసానికి ధర ఏముంది? అయినా దేశమంతా ఆ వార్త చెప్పుకుంది.

ఇక చట్టం. భయం పుట్టేది ఇక్కడే గనుక నిదానంగా చెబుతాను. బ్రిటిషువాళ్లు 1878లో నిధుల చట్టం చేశారు. అందులో నిధి అంటే నేలలో దాగి ఉన్న విలువగల వస్తువు ఏదైనా. దాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాసి తెలపాలి. పది రూపాయలని విని నవ్వకండి, ఆనాటి లెక్క అది. ఏమి దొరికింది, ఎంత విలువ ఉండొచ్చు, ఎక్కడ, ఏ రోజు, ఇంతే రాయాల్సింది. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులను పిలిచి విచారిస్తారు. ఎవరూ రాకపోతే అది దొరికినవాళ్లదే. పొలం యజమాని వేరే ఉండి వాటా అడిగితే, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాళ్లకు ముప్పావు, యజమానికి పావు. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి సొమ్ము ఇవ్వాలి. చెప్పకుండా దాస్తే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఇది బ్రిటిష్ ఇండియా కోసం చేసిన చట్టం. మన ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండింది. అందుకని మన జిల్లాలో ఏ నిబంధన కింద ఎంత వాటా వస్తుందో కలెక్టరాఫీసులోనే రాతపూర్వకంగా అడగాలి. పద్ధతి మాత్రం ఒక్కటే, దొరికిన సంగతి ముందు చెప్పాలి. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే రాగి బిందెలో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి. అధికారులు వచ్చి ఊరివాళ్ల ముందే తూచి, జాబితా రాసి స్వాధీనం చేసుకున్నారు. ఎవరి చేతికీ సంకెళ్లు పడలేదు.

ఇంకో చట్టం 1972లో వచ్చింది, 1976 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం నూరేండ్లు దాటిన నాణెం పురావస్తువు. అటువంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. సొంతానికి దేశం దాటించనే కూడదు. విదేశాల్లో కోటి ఇస్తారు, నేను పంపిస్తాను అనేవాడు కనిపిస్తే తలుపు వేసుకోండి. ఇక పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోటలు, గుళ్లు, దిబ్బల దగ్గర అనుమతి లేకుండా గడ్డపార వేయడమే నేరం. పాత కోటల్లో, పాడుపడ్డ గుళ్లలో గుప్తనిధుల పేరు చెప్పి దేవుడి పీఠాలు పెకలించి పట్టుబడ్డవాళ్ల వార్తలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

మోసాల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. నిధి అనే మాటకు మన పుస్తెలే మొదట బలి అవుతున్నాయి. నిలువెత్తు లోతున ఉన్న బంగారాన్ని చూపించే యంత్రమని లక్షలు గుంజేవాళ్లున్నారు. మామూలు మెటల్ డిటెక్టరుకు చిన్న నాణెం జానెడు లోతులో ఉంటేనే అందుతుంది. బంగారమో, సోడా మూతో అది తేల్చి చెప్పలేదు. బియ్యం గింజలను లాక్కునే రాగి నాణెం, దానికి కోట్లు వస్తాయి అనే రైస్ పుల్లింగ్ మోసానికి చదువుకున్నవాళ్లు సైతం ఇండ్లు అమ్ముకున్నారు. రాగికి బియ్యాన్ని లాగే గుణం లేదు. ఇల్లు తవ్వుతుంటే బంగారు బిళ్లలు దొరికాయి, సగం ధరకిస్తాం అని వచ్చేవాళ్లు ముందు ఒక అసలు బిళ్ల ఇచ్చి పరీక్ష చేయించుకోమంటారు. తర్వాత ఇచ్చే సంచీలో ఉండేది ఇత్తడి. ఈస్టిండియా కంపెనీ 1818 అని ఒకవైపు, రాముడో హనుమంతుడో మరోవైపు ఉన్న బిళ్లలు కంపెనీ ముద్రించినవి కావు. పూజగదికి తప్ప బజారుకు పనికిరావు. శాతవాహనుల బంగారు నాణెమని ఎవరైనా తెస్తే వెంటనే అనుమానించండి. మనకు తెలిసిన వాళ్ల నాణేలు సీసం, రాగి, మిశ్రమలోహం, వెండివి.

మరి నాణెం చేతిలో ఉన్న ఇల్లాలు ఏం చేయాలి? దాన్ని తోమకుండా మెత్తటి గుడ్డలో చుట్టాలి. రెండువైపులా ఫొటో తీయాలి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. ఒక తెల్లకాగితం మీద తేదీ, పొలం సర్వే నంబరు, గెట్టు నుంచి ఎన్ని అడుగుల దూరం, ఎంత లోతు, దొరికినప్పుడు అక్కడ ఎవరెవరున్నారు, తూకమెంత అన్నీ రాయాలి. కుండ పెంకులుంటే అవీ ఒక సంచిలో వేసి ఉంచాలి. అక్కడ మళ్లీ తవ్వకుండా గుర్తు పెట్టాలి. కాగితం రెండు ప్రతులు చేసి, ఇంటాయనతో కలిసి తహసీల్దారు ద్వారా కలెక్టరుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నాణేన్ని అప్పగించేటప్పుడు తూకం, వర్ణన రాసిన రసీదు లేకుండా చేతిలోంచి వదలవద్దు. దాని మీద రాత ఏమిటో చదివించమని, పురావస్తు శాఖకు, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకు పంపమని దరఖాస్తులోనే అడగండి. యంత్రం తెచ్చిన స్నేహితుడితో పేచీ ఉంటే, అతని పేరు కూడా అందులోనే రాయండి. కాగితం మీద ఉన్న మాటకు తగవు తక్కువ.

ఆలస్యమైంది, ఇప్పుడు చెబితే తిడతారేమో అనే జంకు ఉంటుంది. ఆలస్యంగా చెప్పడం వేరు, పట్టుబడడం వేరు. తామే వచ్చి చెప్పినవాళ్ల మాటకు విలువ ఉంటుంది. ముందుగా జిల్లా న్యాయసేవా సంస్థకు వెళ్తే ఆడవాళ్లకు ఉచితంగా వకీలు సలహా దొరుకుతుంది.

అయినా బిడ్డ పెండ్లి మాటేమిటి, ఈ చరిత్ర మా కడుపు నింపుతుందా అని మీరడగవచ్చు. న్యాయమైన మాటే. గోరంత నాణేన్ని కరిగిస్తే ఎన్ని గుండ్లు వస్తాయో లెక్క వేయండి. ఒకటో రెండో. దానికోసం ఇంటాయన మెడ మీద కేసు, స్నేహితుల మధ్య పగ, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం. చెప్పినందువల్ల వచ్చే సొమ్ము ఆలస్యంగా రావచ్చు, అనుకున్నంత రాకపోవచ్చు. కాని వచ్చింది నలుగురి ముందు చూపించుకోగల సొమ్ము. బిడ్డ మెడలో వేసే బంగారం దాచిపెట్టి వేసేది కాకూడదు కదా.

మీ ఊళ్లో ఇటువంటిది ఎవరికైనా దొరికిందని వింటే ఆ ఇంటి ఆడవాళ్లకు ఈ మాటలు చేరవేయండి. ముందు కొలిమి దాకా పోకుండా ఆపండి. మిగతా పనులు ఒకటొకటిగా చేసుకోవచ్చు.